విశాఖలో జేబు చాకు: ఓపినెల్, విక్టోరినాక్స్‌లలో ఏది ఎంచుకోవాలి?

రోజూ జేబులో ఉంచుకోవడానికి ఒక మంచి మడతచాకు కొనాలనుకునేవారు కొంతకాలం వెతికిన తరువాత సాధారణంగా రెండు పేర్ల దగ్గర ఆగిపోతారు. ఒకటి ఫ్రాన్స్‌లోని సావోయ్ కొండప్రాంతంలో పుట్టిన ఓపినెల్ నంబరు 8, రెండోది స్విట్జర్లాండ్‌లోని ఇబాఖ్ ఊరిలో తయారయ్యే విక్టోరినాక్స్ స్పార్టన్. రెండూ నూరేళ్లు దాటిన సంస్థలవే, రెండూ నమ్మదగినవే, రెండూ మోయడానికి తేలికైనవే. తేల్చుకోవడం కష్టమయ్యేది అందువల్లనే. పదును, అందం, ధర అనే మూడింటినే పట్టుకుని బేరీజు వేస్తే ఎంతసేపటికీ తేలదు. విశాఖపట్నంలో ఉండేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్నలు వేరు. ఈ చాకు ఉప్పుగాలికి ఎంతవరకు తట్టుకుంటుంది? నా రోజులో అది నిజంగా ఏ పనికి బయటికి వస్తుంది? ఈ రెండింటికీ ఎవరికి వారు సరైన జవాబు చెప్పుకోగలిగితే ఎంపిక దానంతట అదే తేలిపోతుంది.

ముందు రెండింటి నిర్మాణం తెలుసుకోవాలి. ఓపినెల్‌లో ఉన్నవి చాలా తక్కువ భాగాలు: ఒక బ్లేడు, ఒక చెక్క పిడి, ఒక ఇరుసు, దాని చుట్టూ లోహపు రింగు. జోసెఫ్ ఓపినెల్ ఈ చాకును 1890లో రూపొందించాడు. 1897 నాటికి చిన్నదాని నుంచి పెద్దదాని వరకు 1 నుంచి 12 దాకా నంబర్లు వచ్చాయి. వాటిలో పెద్దవారి చేతికి సరిగ్గా అమరేది, ఎక్కువమంది కొనేది నంబరు 8. దాని బ్లేడు పొడవు 8.5 సెంటీమీటర్లు, మడిస్తే మొత్తం చాకు 11 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, బరువు 50 గ్రాములకు లోపే. తెరిచిన బ్లేడును బిగించి ఉంచే తిరుగుడు రింగు 1955లో వచ్చింది. 2000లో ఆ రింగును మెరుగుపరచి, మడిచినప్పుడు కూడా బ్లేడు బయటికి రాకుండా బిగించే వీలు కల్పించారు. జేబులో వేసుకునేవారికి ఈ రెండో సౌకర్యమే ఎక్కువ ముఖ్యమైనది.

స్పార్టన్ వెనుక ఉన్న చరిత్ర సైన్యానిది. కార్ల్ ఎల్సెనర్ 1884లో ఇబాఖ్‌లో చాకుల పనిశాల తెరిచాడు. 1891 నుంచి స్విస్ సైన్యానికి చాకులు సరఫరా చేశాడు. నేటి ఎర్ర పిడి చాకులన్నింటికీ మూలమైన నమూనాకు 1897లో హక్కులు నమోదు చేసుకున్నాడు. మడిచినప్పుడు స్పార్టన్ పొడవు 91 మిల్లీమీటర్లు, బరువు సుమారు 60 గ్రాములు. అందులో పెద్ద బ్లేడు, చిన్న బ్లేడు, డబ్బా తెరిచే కొక్కెం, సీసా మూత తీసే ఓపెనరు, ఆ రెండింటి కొసల్లో స్క్రూడ్రైవర్లు, తోలుకు రంధ్రం చేసే మేకు, బిరడా తీసే మర, పట్టకారు, పళ్లపుల్ల ఉంటాయి. కత్తెర మాత్రం ఉండదు. అది కావాలనుకునేవారు అదే పొడవులో ఉండే క్లైంబర్ అనే నమూనా తీసుకోవాలి. మందుబిళ్లల అట్టలు, దారాలు, గాయానికి వేసే టేపు కత్తిరించవలసిన ఇళ్లలో కత్తెర విలువ బ్లేడు కంటే తక్కువేమీ కాదు.

ఉక్కు, ఉప్పు

మన ఊరిలో చాకుకు మొదటి శత్రువు గాలి. రామకృష్ణా బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రాన్ని ఆనుకుని ఉన్న కాలనీలలో ఇళ్ల కిటికీ ఊచలు, ఏసీ బయటి పెట్టెలు, స్కూటరు సైలెన్సర్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో అక్కడ ఉండేవారికి వేరే చెప్పనక్కరలేదు. అలలు విరిగినప్పుడు లేచే తుంపరలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు గాలిలో తేలి వచ్చి లోహం మీద సన్నని పొరగా పేరుకుంటుంది. ఉప్పుకు తేమను లాగి పట్టుకునే గుణం ఉండడం వల్ల, పైకి పొడిగా కనిపించే ఉక్కు కూడా నిజానికి తడిగానే ఉంటుంది. జేబులో పరిస్థితి ఇంకా హీనం. చెమటలో ఉప్పు ఉంటుంది, గుడ్డ ఆ తడిని పట్టి ఉంచుతుంది, గాలి ఆడదు.

ఓపినెల్ రెండు రకాల ఉక్కుతో దొరుకుతుందన్న సంగతి చాలామంది గమనించరు. ఒకటి కార్బన్ ఉక్కు, ఇందులో కార్బన్ సుమారు 0.9 శాతం ఉంటుంది, క్రోమియం దాదాపు ఉండదు. రెండోది 12సీ27 అనే స్వీడన్ రకపు స్టెయిన్‌లెస్ ఉక్కు, ఇందులో కార్బన్ 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం వరకు ఉంటాయి. బ్లేడు మీద ఉన్న ముద్రలో మొదటిదానికి ‘కార్బోన్’ అనీ, రెండోదానికి ‘ఇనాక్స్’ అనీ చెక్కి ఉంటుంది. కొనేముందు ఆ ముద్ర తప్పక చదవాలి, ఎందుకంటే దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. స్పార్టన్‌లో ఈ ప్రశ్నే రాదు. ఈ సంస్థ 1921 నుంచే స్టెయిన్‌లెస్ ఉక్కు వాడుతోంది.

కార్బన్ ఉక్కును మెచ్చుకునేవారు చెప్పే మాటల్లో నిజం ఉంది. అది సానరాయి మీద త్వరగా పదునెక్కుతుంది, అంచు చాలా సన్నగా తేలుతుంది, వాడేకొద్దీ దాని మీద బూడిదరంగు పొర ఏర్పడి తుప్పును కొంతవరకు ఆపుతుంది. కానీ ఆ పొర ఉప్పును ఆపలేదు. కార్బన్ బ్లేడుతో పుల్లటి పచ్చిమామిడికాయ కోసి చూడండి. ముక్క తెగిన చోట నీలిబూడిద రంగు మరక పాకుతుంది, బ్లేడు మీద రసం ఆరిన దారి వెంట అదే రంగు చారలు తేలుతాయి, ముక్క నోట్లో వేసుకుంటే ఇనుప రుచి నాలుకకు తెలుస్తుంది. కాయలోని పులుపు ఇనుమును కొద్దిగా కరిగిస్తుంది, కాయలోని వగరు పదార్థాలు ఆ ఇనుముతో కలిసి నల్లబడతాయి. ఆరోగ్యానికి హాని లేకపోయినా, ఉప్పుకారం అద్దుకుని తినవలసిన ముక్క ఆ రంగులో ఉంటే తినబుద్ధి కాదు. ఇంకా ముఖ్యమైన విషయం ఏమిటంటే, అదే బ్లేడును తుడవకుండా మడిచి జేబులో వేసుకుంటే మర్నాటి ఉదయానికల్లా గోరు పెట్టి తెరిచే గాడిలో, ముద్ర చెక్కిన అక్షరాల లోతుల్లో నారింజరంగు చుక్కలు మొదలవుతాయి.

అందువల్ల నా సలహా స్పష్టంగా చెబుతాను: విశాఖలో రోజూ జేబులో ఉండే చాకుగా కార్బన్ ఓపినెల్ తీసుకోవద్దు. వంటింట్లో, పొడి గుడ్డ పక్కనే ఉండే చోట వాడుకునేవారి సంగతి వేరు, అక్కడ అది చక్కటి చాకు. జేబుకు మాత్రం ఇనాక్స్ ఓపినెల్ లేదా స్పార్టన్, ఈ రెండింటి మధ్యనే పోటీ.

స్టెయిన్‌లెస్ అంటే తుప్పు అసలు పట్టనిదని అనుకోవడం కూడా పొరపాటే. ఉక్కులోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనపడనంత పలుచని పొరగా ఏర్పడి లోపలి ఇనుమును కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ ఛేదిస్తుంది, గాలి అందని ఇరుకు చోట్ల ఆ పొర తిరిగి ఏర్పడలేదు. అందుకే స్టెయిన్‌లెస్ చాకు మీద తుప్పు వెడల్పుగా పాకదు, ఇరుసు దగ్గర, మడత లోపల, జేబులోని నూలుపోగులు తడిసి అంటుకున్న చోట సూదిమొనల్లాంటి గుంటలుగా వస్తుంది. పైకి మెరుస్తున్న చాకును చూసి ధీమాగా ఉండకుండా, అప్పుడప్పుడు పూర్తిగా తెరిచి వెలుతురులో ఇరుసును పరిశీలించాలి.

వానాకాలంలో చెక్క పిడి

ఓపినెల్ పిడి బీచ్ అనే చెట్టు కలపతో చేస్తారు. బయట వార్నిష్ ఉంటుంది గానీ, బ్లేడు దాగే గాడి లోపలి చెక్కకు అంత రక్షణ ఉండదు. తేమ ఆ దారినే లోపలికి పోతుంది. చెక్క ఉబ్బి గాడి గోడలు బ్లేడును రెండు వైపుల నుంచీ నొక్కిపెడతాయి. జూలై నుంచి అక్టోబరు దాకా, మరీ ముఖ్యంగా బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి వరుసగా ముసురు కురిసే రోజుల్లో, గోటితో లాగినా బ్లేడు కదలని స్థితి రావచ్చు. గోరు విరిగేలా లాగడం, పళ్లతో పట్టి లాగడం వంటివి ప్రమాదం. సావోయ్ వారు దీనికి ఒక చిట్కా వాడతారు: రింగును తెరిచి ఉంచి, చాకును వదులుగా పట్టుకుని, పిడి వెనుక చివరను బల్ల అంచు మీద తేలికగా తడితే, ఆ ఊపుకు బ్లేడు మొన కొద్దిగా పైకి లేస్తుంది. దాన్ని వెన్ను వైపు నుంచి పట్టుకుని తెరవవచ్చు.

చిట్కా కంటే నివారణ మేలు. కొత్త ఓపినెల్ కొన్న వెంటనే, వానలకు ముందే, ఇరుసు చుట్టూ ఉన్న చెక్కకు, గాడి లోపలికి అవిసెనూనె లేదా మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్ పట్టించి, ఒక రాత్రంతా ఉంచి, మర్నాడు తుడిచేయాలి. నూనె నిండిన చెక్క నీటిని తక్కువగా పీలుస్తుంది. వేరుశనగనూనె, పొద్దుతిరుగుడునూనె వంటి వంటనూనెలు మాత్రం వాడకూడదు. అవి కొన్నాళ్లకు జిగురుగా మారి, దుమ్మును పట్టుకుని, ఇరుసును మొరాయించేలా చేస్తాయి. అప్పటికీ బిగుతుగానే ఉంటే, 400 నంబరు గరుకుకాగితాన్ని మడిచి గాడి గోడలను కొద్దిగా రుద్దవచ్చు. ఎక్కువ రుద్దితే ఎండాకాలంలో చెక్క కుంచించుకుని బ్లేడు పక్కలకు ఊగుతుంది కాబట్టి చెయ్యి తగ్గించి పని చేయాలి.

స్పార్టన్ పిడి ప్లాస్టిక్‌ది, పొరల మధ్య పలకలు అల్యూమినియంవి. వానకు అది ఉబ్బదు. దానికి వచ్చే చిక్కు ఇసుకతో. ఎన్నో పొరలున్న చాకు కాబట్టి బీచ్ నుంచి వచ్చిన ప్యాంటు జేబులోని ఇసుక రేణువులు ఆ సందుల్లో చేరి, తెరిచినప్పుడల్లా కిరకిరమంటాయి. గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల సబ్బు వేసి, అన్ని భాగాలూ కొద్దిగా తెరిచి, నీటిలోనే పదిసార్లు తెరుస్తూ మూస్తూ కదిపితే ఇసుక బయటికి వస్తుంది. తరువాత పూర్తిగా ఆరబెట్టి ప్రతి ఇరుసుకూ ఒక్క చుక్క లిక్విడ్ పారఫిన్ వేయాలి. చెక్క పిడి ఉన్న ఓపినెల్‌ను ఇలా నీటిలో ముంచకూడదు.

తాళం ఉండటం, లేకపోవటం

తెరిచిన ఓపినెల్ బ్లేడు రింగు తిప్పగానే కదలకుండా బిగుస్తుంది. స్పార్టన్‌లో అలాంటి తాళం లేదు. వెన్ను వైపు ఉన్న బలమైన స్ప్రింగు బ్లేడును తెరిచి ఉంచుతుంది, కొంత బలం పెడితే మూసుకుంటుంది. పండు కోయడం, టేపు చీల్చడం, తాడు తెంపడం వంటి పనుల్లో బలం అంచు వైపు పడుతుంది, అంటే బ్లేడు ఇంకా తెరుచుకునే దిశలోనే పడుతుంది, కాబట్టి స్ప్రింగు చాలు. ప్రమాదం పొడిచే పనుల్లో వస్తుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బాకు మొనతో రంధ్రం చేయబోయినా, ఇరుక్కున్న మూతను వెన్నుతో ఎత్తబోయినా, బ్లేడు వెనక్కి మడిచి వేళ్ల మీద పడవచ్చు. స్పార్టన్‌లో రంధ్రం చేయడానికి మేకు, ఎత్తడానికి స్క్రూడ్రైవరు వేరుగా ఉన్నాయి. ఆ పనులకు వాటినే వాడేవారికి తాళం లేని లోటు తెలియదు. చెయ్యి తొందరపడే స్వభావం ఉన్నవారికి, ఇంట్లో పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలకు చాకు పట్టుకోవడం నేర్పాలనుకునేవారికి ఓపినెల్ తాళమే క్షేమం. పిల్లలకు నేర్పేటప్పుడు రింగు తిప్పిన తరువాతే కోయాలి, రింగు వదులు చేసిన తరువాతే మూయాలి అన్న క్రమం అలవాటు చేయడం తేలిక.

రెండింటికీ ఉన్న ఉమ్మడి పరిమితి ఏమిటంటే రెండూ రెండు చేతులతో తెరిచేవే. ఒక చేత్తో వల పట్టుకుని, మరో చేత్తో క్షణంలో తాడు కోయవలసిన పని పడవ మీద ఉంటుంది. అలాంటివారికి ఈ రెండూ తగవు. ఫిషింగ్ హార్బరులో పనిచేసేవారు మడవని కత్తినే వాడటానికి కారణం అదే, ఆ పద్ధతి మార్చుకోవలసిన అవసరం లేదు.

మీ రోజును చాకుతో కొలవండి

కొనబోయే ముందు ఒక వారం పాటు, చాకు జేబులో ఉంటే బాగుండేదని ఎప్పుడెప్పుడు అనిపించిందో ఫోనులో రాసి పెట్టుకోండి. ఈ ఒక్క పని చేస్తే మిగిలిన చర్చంతా సగానికి తగ్గుతుంది. గాజువాకలో విడిభాగాల దుకాణం నడిపే ఒకరి జాబితాలో పార్సిల్ టేపు, ప్లాస్టిక్ పట్టీ, వైరు మీది తొడుగు, వదులైన స్విచ్‌బోర్డు స్క్రూ ఉండవచ్చు. ఎంవీపీ కాలనీ రైతుబజారుకు ఉదయమే వెళ్లి, ఆఫీసు డబ్బాలో పండ్లు పెట్టుకుని పోయే ఉద్యోగి జాబితాలో జామకాయ, సువర్ణరేఖ మామిడి, దోసకాయ, పెరుగు ప్యాకెట్టు ఉండవచ్చు. మొదటివారికి స్పార్టన్, రెండోవారికి ఇనాక్స్ ఓపినెల్ అని నేను వెంటనే చెప్పగలను.

ఎందుకంటే కోయడం ఒక్కటే లెక్కిస్తే ఓపినెల్ మేలైనది. దాని బ్లేడు పలుచనిది, వెన్ను నుంచి అంచు దాకా క్రమంగా సన్నబడుతుంది, పొడవు కూడా ఎక్కువ. మామిడిపండు చెంపను టెంక పక్కనుంచి ఒకే కోతలో తీయడానికి 8.5 సెంటీమీటర్ల బ్లేడు సరిపోతుంది. స్పార్టన్ పెద్ద బ్లేడు పొడవు దాదాపు 7 సెంటీమీటర్లు. దానితో అదే పండును రెండు మూడు కోతల్లో తీయాలి, రసం గాడిలోకి, అక్కడి నుంచి స్ప్రింగు సందుల్లోకి కారుతుంది. తీపి రసం ఆరితే చీమలు పడతాయి, కీలు బిగుసుకుంటుంది. పండ్లు రోజూ కోసేవారు స్పార్టన్ తీసుకుంటే రోజూ కడగడానికి సిద్ధపడాలి. ఓపినెల్ అయితే తడిగుడ్డతో బ్లేడు తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిస్తే పని అయిపోతుంది.

మరోవైపు, చాకు చేయవలసిన పనుల్లో సగం నిజానికి కోత పనులు కావు. చెప్పు పట్టీకి కొత్త రంధ్రం, కన్నీరు తెప్పించే చిన్న చేపముల్లు వేలిలో దిగినప్పుడు తీయడం, పాయసానికి తెచ్చిన పాలడబ్బా తెరవడం, అరకు వెళ్లే రైల్లో సోడా సీసా మూత తీయడం ఇవన్నీ స్పార్టన్ పనులు. ఓపినెల్ బ్లేడుతో వీటిని చేయబోతే మొన విరుగుతుంది, లేదా చెయ్యి తెగుతుంది. ముంజెలు చెక్కడం, కొబ్బరిబొండం కొట్టడం మాత్రం ఈ రెండింటిలో దేనితోనూ చేయకూడదు. వాటికి కొడవలి, కత్తి ఉన్నాయి. పనస తొనలు ఒలవడానికి ఓపినెల్ చక్కగా పనికొస్తుంది, కాకపోతే ముందుగా బ్లేడుకు నూనె రాయాలి. పాలు ఇరుసులోకి దిగితే వదిలించడం చాలా కష్టం.

జేబు సంగతి కూడా చూడాలి. ఓపినెల్ పిడి గుండ్రంగా, లావుగా ఉంటుంది, బిగుతు ప్యాంటు ముందు జేబులో ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. స్పార్టన్ పొట్టిది, 15 మిల్లీమీటర్ల మందం ఉన్నా పక్కకు పడుకుని అణిగి ఉంటుంది. చీర కట్టుకునేవారు, కుర్తీలు వేసుకునేవారు చేతిసంచిలో వేసుకునేటట్లయితే ఈ తేడా పట్టించుకోనక్కరలేదు, సంచిలో తాళాల గుత్తితో రాసుకోకుండా చిన్న గుడ్డసంచిలో పెట్టుకుంటే చాలు.

చట్టం, గేట్లు

చాకు జేబులో పెట్టుకోవడం నేరమా అని చాలామంది భయపడతారు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 ఆయుధ నియమాల జాబితాలో పదునైన మారణాయుధాల వర్గానికి ఇచ్చిన కొలత ఇది: బ్లేడు 9 అంగుళాల కంటే పొడవుగా గానీ, 2 అంగుళాల కంటే వెడల్పుగా గానీ ఉండాలి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు తయారుచేసినవాటిని అందులోంచి మినహాయించారు. మనం మాట్లాడుకుంటున్న రెండు చాకులూ ఆ కొలతలో సగానికి కూడా రావు. అయినా, చట్టంలో చోటు ఉన్నంత మాత్రాన ప్రతిచోటికీ తీసుకుపోవచ్చని కాదు. నగరంలో ఊరేగింపులు, ఎన్నికలు వంటి సందర్భాల్లో నిషేధాజ్ఞలు అమలులో ఉన్నప్పుడు చాకు ఇంట్లో ఉంచడమే మంచిది. బటన్ నొక్కితే బ్లేడు దూకే స్ప్రింగు చాకులను మాత్రం ఎంత చవకగా దొరికినా కొనవద్దు. పండు కోయడానికి వాటి అవసరం లేదు, ఎవరైనా అడిగితే సమాధానం చెప్పుకోవడమూ కష్టం.

విశాఖలో ఇంకో విశేషం ఉంది. ఉక్కు కర్మాగారం, పోర్టు, నౌకాదళ స్థావరాలు, షిప్‌యార్డు వంటి తనిఖీ ఉండే చోట్ల పనిచేసేవారు ఈ నగరంలో చాలామంది. అలాంటి గేటు రోజూ దాటేవారు కొనకముందే తమ భద్రతా విభాగాన్ని అడిగి తెలుసుకోవాలి. అనుమతి లేదంటే బండి డిక్కీలో వదలవలసి వస్తుంది, డిక్కీలో వదిలే చాకు రోజూ వాడే చాకు కాదు. విమానంలో చేతిసామానులో ఏ చాకునూ అనుమతించరు. లగేజీలో వేసి అప్పగించాలి, మరిచిపోతే తనిఖీ దగ్గర వదులుకోవలసిందే. ఇలాంటి తనిఖీలు తరచుగా ఎదురయ్యేవారికి స్పార్టన్ కొంత సౌకర్యం. ఓపెనరు, స్క్రూడ్రైవరు ఉన్న ఎర్ర చాకును పనిముట్టుగా గుర్తించడం ఎవరికైనా తేలిక. ఒకే పొడవాటి బ్లేడు ఉన్న ఓపినెల్‌ను తెరిచి చూపించినప్పుడు ఎదుటివారి ముఖం మారడం సహజం. నలుగురిలో చాకు తెరవవలసి వస్తే ముందు ‘పండు కోస్తాను’ అని చెప్పి తెరవడం మర్యాద.

దుకాణంలో చూడవలసినవి

ఈ రెండు పేర్లతోనూ నకిలీలు వస్తాయి. ఓపినెల్ బ్లేడు మీద కిరీటం కింద ఆశీర్వదిస్తున్నట్టున్న చెయ్యి గుర్తు స్పష్టంగా చెక్కి ఉండాలి. విక్టోరినాక్స్ పెద్ద బ్లేడు మొదట్లో, ఇరుసు పక్కన, సంస్థ పేరు, స్విస్ తయారీ అన్న మాటలు సన్నని అక్షరాలతో లోతుగా ఉండాలి. సిరాతో అచ్చు వేసినట్టుంటే వదిలేయండి. ఆ తరువాత చేత్తో చూడాలి. ఓపినెల్ తెరిచి, రింగు బిగించి, బ్లేడును వెన్ను దగ్గర పట్టుకుని పక్కలకు కదిపితే ఊగకూడదు. మూసినప్పుడు బ్లేడు గాడి మధ్యలో ఉండాలి, ఒక గోడకు రాసుకోకూడదు. చెక్క ప్రతి చాకుకూ వేరుగా ఉంటుంది కాబట్టి దుకాణదారును అడిగి రెండు మూడు తెరిచి చూసి ఎంచుకోవడంలో తప్పు లేదు. స్పార్టన్ అయితే ప్రతి భాగాన్నీ తెరిచి, మూసి, స్ప్రింగు ‘టక్’ మని గట్టిగా పలుకుతోందో లేదో వినాలి. మూసిన చాకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పొరల మధ్య నుంచి వెలుగు చీలిక కనపడకూడదు. పట్టకారు వేలితో లాగితే రావాలి గానీ, తలకిందులు చేస్తే రాలిపోకూడదు. తయారీ లోపాలకు విక్టోరినాక్స్ జీవితకాలపు హామీ ఇస్తుంది, కాబట్టి రసీదును ఫొటో తీసి దాచుకోవాలి.

పదును పెట్టడం

వీధిలో సైకిలు మీద సానచక్రం తిప్పుతూ వచ్చేవారు కూరగాయల కత్తులకు, కత్తెరలకు మంచి పని చేస్తారు. ఈ చిన్న బ్లేడులను మాత్రం ఆ చక్రానికి ఇవ్వవద్దు. పొడి చక్రం మీద పలుచని అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. అంచు నీలంరంగుకు తిరిగిందంటే అక్కడి ఉక్కు గట్టిదనం పోయిందని అర్థం, ఆ తరువాత ఎంత నూరినా పదును నిలవదు. పైగా ఓపినెల్ వంటి పలుచని బ్లేడులో ఏళ్లు వాడవలసిన ఉక్కు ఒక్కసారికే అరిగిపోతుంది.

ఇంట్లోనే 1000 నంబరు సానరాయి ఒకటి ఉంచుకుంటే చాలు. రాయిని నీటితో తడిపి, తడిగుడ్డ మీద కదలకుండా పెట్టి, బ్లేడును రాయి మీద పూర్తిగా పడుకోబెట్టి, తరువాత వెన్నును బ్లేడు వెడల్పులో మూడో వంతు ఎత్తుకు లేపండి. అది సుమారు 20 డిగ్రీల కోణం అవుతుంది. రెండు చాకులకూ అదే కోణం పనికొస్తుంది. అదే ఎత్తు కాపాడుకుంటూ, రాయి మీద నుంచి పలుచని పొర చెక్కుతున్నట్టు అంచు ముందుకు పోయేలా, మొదటి నుంచి మొన దాకా జరుపుతూ నూరాలి. కొంతసేపటికి, రెండో వైపున అంచు వెంట బొటనవేలిని వెన్ను నుంచి బయటికి జరిపితే, సన్నని గరుకు తగులుతుంది. అది అంచు పొడవునా ఒకేలా తగిలేదాకా ఆగి, అప్పుడు రెండో వైపు తిప్పాలి. రెండు వైపులా అయిన తరువాత బలం తగ్గించి, ఇటొకటి అటొకటి చొప్పున కొన్నిసార్లు నూరితే ఆ గరుకు పోతుంది. చివరగా పాత తోలు బెల్టు లోపలి వైపున, అంచు వెనక్కి ఉండేలా రుద్దాలి. సానరాయి అందుబాటులో లేనప్పుడు పింగాణీ కప్పు అడుగున ఉండే మెరుపు లేని వలయం కూడా అంచును సరిచేస్తుంది, ఊరికి వెళ్లినప్పుడు అదే ఆధారం.

పదును సరిపోయిందా లేదా అన్నది వార్తాపత్రిక కాగితాన్ని ఒక చేత్తో వేలాడదీసి కోసి చూస్తే తెలుస్తుంది. చిరగకుండా తెగాలి. టమాటా తొక్క మీద బలం పెట్టకుండా బ్లేడు పెట్టి లాగితే జారకుండా దిగాలి. నూరిన తరువాత బ్లేడును మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కాసేపు తెరిచే ఉంచి, గోరు గాడిలో కూడా తడి లేదని చూసుకున్నాకే మూయాలి.